గుట్ట కడుపులో గస్తీ గది
● అమెరికాలోని షయాన్ పర్వత భూగర్భ సైనిక కేంద్రం కథ
● బాంబర్ల భయంతో పుట్టి... క్షిపణుల కావలిగా ఎదిగి... పక్కన పెట్టాక మళ్లీ పిలుపు

కరీంనగర్, మా ప్రతినిధి: 1979 జులై మాసాన్ని మన ప్రాంతంలోని పెద్ద వయసువారు అంత సులువుగా మరచిపోలేరు. ఆకాశం నుంచి 'స్కైలాబ్' ఊడిపడుతుందని, ఊళ్లకు ఊళ్లే మిగలవని పుకార్లు చెలరేగిన రోజులవి. ఎలాగూ పోయే ప్రాణమే కదా అని ఉన్న కోళ్లనూ మేకలనూ కోసుకుని తిన్నవారున్నారు. అప్పులు చేసి మరీ బంధువులకు విందులు పెట్టినవారూ ఉన్నారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లి నేపథ్యంగా 2021లో ఇదే పేరుతో చలనచిత్రం కూడా వెలువడింది. చివరకు ఆ అంతరిక్ష కేంద్రం జులై 11న హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. ఎవరికీ ప్రాణహాని జరగలేదు.

అప్పట్లో స్కైలాబ్ ఏ రోజు, ఏ వేళకు, ఏ దిక్కున పడవచ్చునో లెక్కలు కట్టి అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు అందజేసినది 'నోరాడ్' అనే సైనిక సంస్థ. ఆ సంస్థ కార్యస్థానం నేల మీద లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక గ్రానైట్ కొండ కడుపులో ఉండేది. మన జిల్లావాసులు తలలు పైకెత్తి ఆకాశం వంక భయంగా చూస్తున్న వేళ, సూర్యరశ్మి సోకని గదుల్లో కూర్చున్నవారు అదే ఆకాశాన్ని తెరలపై గమనిస్తూ ఉన్నారు. ఆ కొండ పేరు షయాన్. దాని శత్రువు పలుమార్లు మారింది. కొండ మాత్రం అక్కడే ఉంది. గ్రానైట్ గుట్టల నడుమ పుట్టి పెరిగిన మన పాఠకులకు ఆ కథ ఆసక్తికరమే కాదు, ఆలోచింపజేసేది కూడా.

భయమే పునాది

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం ఆరంభమైంది. 1949లో సోవియట్ యూనియన్ అణుబాంబును పరీక్షించింది. ఉత్తర ధ్రువం మీదుగా దూసుకువచ్చే సోవియట్ బాంబర్ విమానాలే నాటి అమెరికాకు ప్రధాన భయం. ఆ దారిలో ముందుగా తగిలేది కెనడా గగనతలం. అందుకే ఉభయ దేశాలు కలిసి ఉత్తర అమెరికా వైమానిక రక్షణ కమాండ్‌ను నెలకొల్పాయి. దాని సంక్షిప్త నామమే నోరాడ్. 1957లో పని మొదలుపెట్టగా, 1958 మే 12న అధికారిక ఒప్పందం కుదిరింది. సంస్థ అధిపతి అమెరికా సేనాని, ఉపాధిపతి కెనడా సేనాని. నేటికీ అదే సంప్రదాయం.

మొదట ఈ సంస్థ కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలోని ఎంట్ వైమానిక స్థావరంలో సాధారణ భవనాల నుంచి పనిచేసింది. దేశం మొత్తానికీ కావలి కాయవలసిన గది ఒక్క బాంబుకే కూలిపోయేలా ఉండటం ఏమి న్యాయమని సైనికాధికారులు ఆందోళన చెందారు. అంతలోనే 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ 'స్పుత్నిక్' ఉపగ్రహాన్ని ప్రయోగించింది. ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపగలిగిన రాకెట్‌కు అణ్వాయుధాన్ని ఖండాలు దాటించడం కష్టం కాదు. బాంబరు గంటల తరబడి ప్రయాణించి వస్తుంది. ఖండాంతర క్షిపణి సుమారు 30 నిమిషాల్లో వచ్చి పడుతుంది. ఇక దాక్కోవడానికి వ్యవధి ఉండదు కనుక ముందే లోతుగా దాగిన చోటు కావాలన్న నిర్ణయానికి వచ్చారు. పట్టణం అంచునే ఉన్న షయాన్ పర్వతాన్ని ఎంచుకున్నారు.

తీసిన రాయి కాదు... మిగిల్చిన రాయి ముఖ్యం

గ్రానైట్ తొలవడమంటే ఏమిటో కరీంనగర్ పరిసర గ్రామాలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. డ్రిల్లింగ్ యంత్రాల రొద, పేలుళ్ల అదురు, గాలిలో తెల్లని దుమ్ము మనకు నిత్యకృత్యాలు. అయితే మన క్వారీలలో బయటకు తీసిన దిమ్మెకు విలువ. అది చెక్కుచెదరకుండా రావాలని జాగ్రత్త పడతారు. షయాన్‌లో బయటకు తీసిన రాయి వ్యర్థం, లోపల మిగిలిన రాయికే విలువ. పైకప్పుగా నిలవవలసిన రాతిలో పగుళ్లు పుట్టకుండా పేలుడు పదార్థాలను ఆచితూచి వాడుతూ తొలిచారు.

అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ విభాగం పర్యవేక్షణలో 1961లో తవ్వకం ప్రారంభమైంది. మొత్తం 6.93 లక్షల టన్నుల గ్రానైట్‌ను వెలికితీశారు. రాతి పొరలు జారిపోకుండా గోడలలోనూ కప్పులోనూ లక్షకు పైగా ఉక్కు బోల్టులు బిగించారు. ఒక కూడలి వద్ద రాయి చీలికలతో బలహీనంగా ఉన్నట్లు తవ్వకం నడుమ బయటపడింది. అక్కడ గోళాకారంలో కాంక్రీటు కవచం కట్టవలసి వచ్చింది. 1966 ఏప్రిల్‌లో కేంద్రం పని మొదలుపెట్టింది. నిర్మాణానికి అయిన వ్యయం 14.24 కోట్ల డాలర్లు.

దీని అమరిక ఇంజినీరింగ్ విద్యార్థులు తెలుసుకోదగినది. కొండలోకి ప్రవేశించే సొరంగ మార్గం ఒకవైపు మొదలై మరోవైపు బయటకు తేలుతుంది. ప్రధాన ద్వారాలు ఆ మార్గానికి ఎదురుగా కాక పక్కగోడలో ఉంటాయి. బయట అణుబాంబు పేలితే ఆ ఒత్తిడి తరంగం సొరంగంలోకి చొరబడినా నేరుగా తలుపులను ఢీకొట్టదు. ముందుకు సాగి రెండో నోటి నుంచి వెళ్లిపోతుంది. ఒక్కొక్క తలుపు బరువు సుమారు 25 టన్నులు, మందం 3 అడుగులకు పైమాటే. ఒకదాని వెనుక మరొకటిగా రెండు తలుపులు ఉన్నాయి.

తలుపు దాటితే లోపల 15 ఉక్కు భవనాలు ఉన్నాయి. వాటిలో అధికభాగం మూడంతస్తులవి. ఏ భవనమూ రాతి గోడను తాకదు. పునాది కూడా రాతి మీద లేదు. మొత్తం 1,319 భారీ స్ప్రింగులపై భవనాలను నిలిపారు. ఒక్కో స్ప్రింగు బరువు సుమారు 450 కిలోలు. కొండ అదిరినా గదులు ఎడ్లబండిలా ఎగిరిపడకుండా, లారీ కమాన్‌కట్టల మీద ఊగినట్లు మెల్లగా ఊగి నిలదొక్కుకుంటాయన్నమాట. భవనాల మధ్య గొట్టాలు, తీగలు కూడా సాగే గుణం ఉన్నవే అమర్చారు. లోపలే రాతిలో తొలిచిన నీటి తొట్లు, డీజిల్ జనరేటర్లు, విషవాయువులనూ అణుధూళినీ వడపోసే గాలి వ్యవస్థ, వైద్యశాల, భోజనశాల, వ్యాయామశాల ఉన్నాయి. నెత్తి మీద సుమారు 2,000 అడుగుల మందాన గ్రానైట్ ఉంది.

కన్ను బయట... మెదడు లోపల

కొండ లోపల ఆయుధాలు లేవు. ఇక్కడి నుంచి క్షిపణులు ప్రయోగించరు. చూడటం, లెక్కకట్టడం, నిజానిజాలు తేల్చి పైవారికి చెప్పడం, ఇదే దాని పని. చూసే కళ్లు ప్రపంచమంతటా పరచుకుని ఉన్నాయి. గ్రీన్‌లాండ్‌లోని థూలే, అలాస్కాలోని క్లియర్, ఇంగ్లండ్‌లోని ఫైలింగ్‌డేల్స్ వద్ద క్షిపణులను పసిగట్టే భారీ రాడార్లను 1960వ దశకంలో నెలకొల్పారు. 1970 నుంచి పరారుణ కిరణాలను గుర్తించే ఉపగ్రహాలు కూడా తోడయ్యాయి.

పని జరిగే తీరు ఇదీ. క్షిపణి పైకి లేచినప్పుడు దాని తోక నుంచి వెలువడే మంట వేడిని ఉపగ్రహం మొదట గుర్తిస్తుంది. కొన్ని నిమిషాల తర్వాత రాడార్లు ఆ వస్తువును తమ తరంగాలతో పట్టుకుంటాయి. వేడిని చూసే సాధనం, వస్తువును చూసే సాధనం వేర్వేరు సూత్రాలపై పనిచేస్తాయి. రెండూ ఒకే మాట చెబితేనే అది దాడి అని భావించాలి. ఒకరి సాక్ష్యంపై తీర్పు చెప్పరాదన్న పంచాయతీ న్యాయమే ఇక్కడా వర్తిస్తుంది. ఉభయ సాక్ష్యాలనూ పరిశీలించి 'నమ్మవచ్చు' లేదా 'నమ్మరాదు' అని నిర్ధారించడానికి విధుల్లో ఉన్నవారికి లభించే వ్యవధి కొద్ది నిమిషాలే. ఆ తర్వాతి నిర్ణయం దేశాధ్యక్షునిది.

46 సెంట్ల చిప్పు... ప్రపంచానికే ముప్పు

25 టన్నుల తలుపు బయటి పేలుడును ఆపగలదు. లోపలి పొరపాటును ఆపలేదు. స్కైలాబ్ పడిన నాలుగు నెలలకే, 1979 నవంబరు 9న, ఆ సంగతి రుజువైంది. సోవియట్ యూనియన్ భారీ ఎత్తున క్షిపణులు ప్రయోగించినట్లు తెరలపై ఆకస్మికంగా సంకేతాలు కనిపించాయి. క్షిపణి దళాలను అప్రమత్తం చేశారు. యుద్ధ విమానాలు గాల్లోకి లేచాయి. ఆపత్కాలంలో అధ్యక్షుడు ఎక్కవలసిన ప్రత్యేక విమానం కూడా, ఆయన లేకుండానే, ఎగిరింది. ఉపగ్రహాలూ రాడార్ల నుంచి నేరుగా వచ్చే సమాచారాన్ని సరిచూడగా ఆకాశంలో ఏమీ లేదు! శిక్షణ కోసం తయారుచేసిన కల్పిత దాడి సమాచారం పొరపాటున అసలు వ్యవస్థలోకి ప్రవేశించడమే ఇందుకు కారణమని తేలింది. ఆ తర్వాత ఇటువంటి పరీక్షల కోసం వేరుగా మరో కేంద్రాన్ని ఏర్పాటు చేశారు.

ఏడాది తిరగకుండానే 1980 జూన్ 3న మళ్లీ అదే కలకలం. ఈసారి తప్పు చేసినది సమాచార పరికరంలోని ఒక చిన్న కంప్యూటర్ చిప్పు. దాని ఖరీదు 46 సెంట్లు, అంటే అర డాలరు కూడా కాదు. మార్గం సక్రమంగా ఉందో లేదో చూసేందుకు 'వస్తున్న క్షిపణులు సున్నా' అన్న సందేశాన్ని ఈ వ్యవస్థ నిరంతరం పంపుతూ ఉండేది. చిప్పు చెడి ఆ సున్నాల స్థానంలో రెండు అంకెలు చేరాయి. రెండు క్షిపణులు, కాసేపటికి రెండు వందల క్షిపణులు వస్తున్నట్లు ఇతర సైనిక కేంద్రాల తెరలపై కనిపించింది. అణు బాంబర్ల చోదకులు ఇంజన్లు ఆడించి సిద్ధమయ్యారు. షయాన్‌లోని సిబ్బంది తమ వద్ద అటువంటి ఆధారమేదీ లేదని తేల్చడంతో గండం గడిచింది. జూన్ 6న అదే లోపం మరోమారు తలెత్తింది. దరిమిలా సందేశాల రూపాన్నే మార్చి, పొరపాట్లను పట్టే ఏర్పాటు చేశారు.

అటువైపు సోవియట్ యూనియన్‌లోనూ ఇదే పరిస్థితి. 1983 సెప్టెంబరు 26న మాస్కో సమీపంలోని సెర్పుఖోవ్-15 కేంద్రంలో అయిదు అమెరికా క్షిపణులు వస్తున్నట్లు హెచ్చరిక మోగింది. విధుల్లో ఉన్న అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్ అది అబద్ధమని భావించి, తప్పుడు హెచ్చరికగానే పైవారికి తెలియజేశారు. నిజంగా యుద్ధం మొదలుపెట్టదలచినవారు అయిదు క్షిపణులతో సరిపెట్టరన్నది ఆయన తర్కం. ఎత్తయిన మేఘాలపై పడిన సూర్యకాంతిని ఉపగ్రహం మంటగా భ్రమించిందని తర్వాత తెలిసింది. యంత్రం చెప్పినదాన్ని సందేహించే మనిషి ఉండబట్టే ఆ మూడు సందర్భాల్లోనూ లోకం బతికింది.

ముప్పు లోపలి నుంచే వచ్చిన రోజు

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. షయాన్ ఎవరి కోసం కావలి కాస్తున్నదన్న ప్రశ్న తలెత్తింది. నిజానికి అప్పటికే క్షిపణుల గురి ఎంతో పెరిగింది. కొండపైనే నేరుగా అణ్వాయుధం పడితే లోపలి కేంద్రం నిలుస్తుందన్న నమ్మకం సన్నగిల్లింది. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలూ శకలాలను లెక్కించే పనితో పాటు క్షిపణి ప్రయోగాలను కనిపెట్టే పని కొనసాగింది.

2001 సెప్టెంబరు 11న ఉగ్రవాదులు నాలుగు ప్రయాణికుల విమానాలను దారి మళ్లించారు. నోరాడ్ దృష్టి దశాబ్దాలుగా దేశపు సరిహద్దుల ఆవలి నుంచి వచ్చే ముప్పుపైనే నిలిచి ఉంది. ఆ విమానాలు మాత్రం అమెరికా విమానాశ్రయాల నుంచే బయలుదేరాయి. ఆ ఉదయం కొండలో విధుల్లో ఉన్న కమాండ్ డైరెక్టర్ కెనడా నౌకాదళ అధికారి. బరువైన తలుపులు మూతపడ్డాయి కానీ, అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఇంటి ముందు కుక్కను కట్టేసి పడుకుంటే దొంగ అటక మీదే నక్కి ఉన్నట్లయింది. అటుపిమ్మట దేశం లోపలి గగనతలాన్ని కూడా పర్యవేక్షించే బాధ్యత నోరాడ్‌పై పడింది. 2002 అక్టోబరు 1న స్వదేశ రక్షణ నిమిత్తం 'ఉత్తర కమాండ్' ఏర్పాటయింది. 2006లో సముద్ర మార్గాన వచ్చే ముప్పులపై హెచ్చరించే పనిని కూడా నోరాడ్‌కు జతచేశారు.

పక్కన పెట్టి... మళ్లీ పిలిచి

నోరాడ్‌కూ ఉత్తర కమాండ్‌కూ అధిపతి ఒక్కరే. ఆయన కార్యాలయం పట్టణంలోని పీటర్సన్ స్థావరంలో, గస్తీ గది కొండలో ఉండేవి. ఆపత్సమయంలో రెండింటి మధ్య తిరగడంలోనే విలువైన కాలం హరించుకుపోతుందన్నది అధికారుల వాదన. 2006 జులైలో రోజువారీ కార్యకలాపాలను పీటర్సన్‌కు తరలించాలని నిర్ణయించారు. 2008లో అక్కడ ఉమ్మడి కమాండ్ కేంద్రం ప్రారంభమైంది. కొండను మూయలేదు. అవసరమైతే వెంటనే వాడుకునేలా ప్రత్యామ్నాయ కేంద్రంగా సిద్ధంగా ఉంచారు. కెనడా సైతం నార్త్‌బే వద్ద 1963 నుంచి నడిచిన తన భూగర్భ వైమానిక రక్షణ కేంద్రాన్ని 2006లోనే నేలపైకి తెచ్చుకుంది.

అంతటితో కొండ కథ కంచికి చేరుతుందని పలువురు భావించారు. కానీ 2015 ఏప్రిల్‌లో నాటి నోరాడ్ అధిపతి అడ్మిరల్ విలియం గోర్ట్‌నీ, సమాచార పరికరాలను మళ్లీ కొండలోకి చేరుస్తున్నట్లు వెల్లడించారు. ఇందుకు సంబంధించిన పనులకు రేథియాన్ సంస్థతో 70 కోట్ల డాలర్ల మేర ఒప్పందం కుదిరింది. కారణం బాంబు పేలుడు కాదు, విద్యుదయస్కాంత స్పందన.

అదేమిటో 1962 నాటి ఉదంతం చెబుతుంది. ఆ ఏడాది జులై 9న అమెరికా పసిఫిక్ మహాసముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున అణ్వాయుధాన్ని పేల్చి పరీక్షించింది. అక్కడికి సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలోని హవాయి దీవిలో వీధి దీపాలు ఆరిపోయాయి. ఎత్తున జరిగే అణు పేలుడు మనుషులను తాకకుండానే విద్యుత్ తీగల్లోకీ పరికరాల్లోకీ ఒక్కసారిగా తీవ్రమైన ప్రవాహాన్ని పుట్టించగలదు. పిడుగు పడినప్పుడు మన ఇళ్లలో టీవీలు, మోటార్లు కాలిపోవడం వంటిదే, కాకపోతే ఒక దేశమంతటా ఏకకాలంలో. నాటి కంటే నేడు ప్రతి పనీ చిప్పులపైనే ఆధారపడి ఉన్నందున ఈ ముప్పు మరింత పెరిగింది. 2,000 అడుగుల గ్రానైటూ ఉక్కు భవనాలూ ఆ స్పందనకు అడ్డుగా నిలుస్తాయి. ఆనాడు మనుషుల రక్షణకని తొలిచిన కొండ, ఈనాడు యంత్రాల రక్షణకు అక్కరకు వచ్చింది.

2020లో మరో విచిత్రం చోటుచేసుకుంది. కొవిడ్ మహమ్మారి విజృంభించిన వేళ, కావలి సిబ్బంది అంతా ఒకేసారి మంచం పట్టకూడదన్న ముందుజాగ్రత్తతో కొన్ని బృందాలను కొండ లోపల వేరుగా ఉంచారు. అణుధూళి కోసం కట్టిన గోడలు ఆ విధంగా వైరస్‌కు అడ్డుగా నిలిచాయి. 2021లో ఈ కేంద్రం అంతరిక్ష దళం పరిధిలోకి వచ్చి 'షయాన్ మౌంటెన్ స్పేస్ ఫోర్స్ స్టేషన్'గా పేరు మార్చుకుంది.

అయినా చూపు పరిపూర్ణం కాలేదు. 2023 ఫిబ్రవరి 4న అమెరికా తీరంలో కూల్చివేసిన చైనా బెలూన్ ఉదంతం ఇందుకు నిదర్శనం. అంతకుముందు అటువంటి బెలూన్లు వచ్చినా తాము గుర్తించలేకపోయామని నాటి నోరాడ్ అధిపతి స్వయంగా అంగీకరించారు. వేగంగా వచ్చే క్షిపణి కోసం తీర్చిన కన్ను నిదానంగా తేలివచ్చే బెలూన్‌ను విడిచిపెట్టింది.

శ్రీశైలం చెప్పిన పాఠం

భూగర్భ కట్టడం అంటే భద్రత అన్న భావన సహజం. మన రాష్ట్రంలోనే ఇందుకు మరో కోణం ఉంది. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం భూమి లోపల, 900 మెగావాట్ల సామర్థ్యంతో నిర్మితమైంది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ సంభవించిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. సొరంగంలో కమ్ముకున్న దట్టమైన పొగ వారిని కాపాడే ప్రయత్నాలకు అడ్డుగా నిలిచింది. అది సైనిక కేంద్రం కాదు, పోలిక అంతవరకే. అయినా భూగర్భంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ పొగ, గాలి, బయటపడే దారి అన్నవే తొలి ప్రశ్నలు. షయాన్‌లో సొంత అగ్నిమాపక దళాన్ని నిర్వహించడం వెనుక ఉన్నది ఈ ఎరుకే.

ఒక్క చూపులో...
● ప్రదేశం: కొలరాడో స్ప్రింగ్స్, అమెరికా
● తవ్వకం ఆరంభం: 1961, పని ప్రారంభం: 1966
● తొలగించిన రాయి: 6.93 లక్షల టన్నులు
● భవనాలు: 15, ఆధారంగా ఉన్న స్ప్రింగులు: 1,319
● తలుపు బరువు: సుమారు 25 టన్నులు
● ప్రధాన కేంద్రంగా: 1966-2008, నేడు ప్రత్యామ్నాయ కేంద్రం, శిక్షణ స్థలం

బాంబరు, క్షిపణి, దారితప్పించిన విమానం, విద్యుత్ స్పందన, కంటికి కనిపించని వైరస్... అరవై ఏళ్లలో ఆ తలుపు ముందుకు వచ్చిన భయాలివి. కట్టినవారు వీటిలో మొదటి రెండింటినే ఊహించారు. మిగిలినవి తర్వాత వచ్చాయి. కొండకు ఎప్పటికప్పుడు కొత్త పని దొరకడం దాని అదృష్టమే కావచ్చు. లోకాన్ని నిలిపినది మాత్రం కొండ ఒక్కటే కాదు. 1979లోనూ 1980లోనూ 'ఆగండి, సరిచూద్దాం' అన్నవారి నిబ్బరం కూడా. స్కైలాబ్ రోజుల్లో పుకారును సరిచూడకుండా కోళ్లను కోసుకున్న మన ఊళ్లకూ, సెల్‌ఫోన్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ క్షణంలో పదిమందికి పంపుతున్న నేటి తరానికీ ఆ నిబ్బరమే అవసరమని పెద్దలు అభిప్రాయపడుతున్నారు.